సారు దిద్దని మాటలు

మొన్న ఆదివారం పొద్దున్నే మిర్యాలగూడ నుంచి ఫోనొచ్చింది. "మీ సారు ఇగ లేడమ్మా" అంది ఆయన భార్య.

ఎనభైల్లో సూర్యాపేటలో మాది, వారిది పక్కపక్క వాటాలు. నేను బడిలో లెక్కలు చెప్పేదాన్ని. ఆయన కాలేజీలో తెలుగు. సెలవొస్తే చాలు, సారు సంచి తగిలించుకుని తిరుమలగిరికో పాలకీడుకో బస్సెక్కేవారు. అమ్మకం పత్రం, పెళ్లి పిలుపు, గుడి రాతి మీద అక్షరాలు, పాతదైతే చాలు, ఉన్నది ఉన్నట్టు రాసుకునేవారు. ఇంటికొచ్చాక ఒక్కో మాటనూ ఒక్కో చీటీ మీదికెక్కించి, అది ఏ కాలంనాటిదో, ఏ ఊరిదో, అర్థమేమిటో, వ్యాకరణమేమిటో కింద రాసేవారు. మన తెలుగు ఎలా మారుతూ వచ్చిందో తెలుసుకోవాలనుకునేవాళ్లకు పనికొస్తుందని ఆశ. ఎవరైనా కాగితమే ఇచ్చేస్తామంటే, "కాయిదం మీ ఇంట్లనే ఉండనియ్యి. నాకు మాట చాలు" అనేవారు. చీటీలన్నీ అంగీల డబ్బాల్లో, డబ్బాలన్నీ మంచం మీద. "మాటలు మంచం మీద పండుకుంటయ్, మేం కింద పండుకుంటం" అని ఆయన భార్య నవ్వేది.

ఒకసారి కోదాడలో ఒక ప్రచురణకర్త చూస్తానంటే, డబ్బాలు మోయడానికి నేనూ తోడు వెళ్లాను. అతను నాలుగు చీటీలు తిరగేసి, "అన్నీ తప్పులే కదండీ మాస్టారూ. దిద్దివ్వండి, వెంటనే అచ్చేద్దాం. ఈ 'మడిగె' ఏంటండీ? దుకాణం అని పెడితే అందరికీ అర్థమవుద్ది" అన్నాడు.

ఏళ్ల తరబడి చేసిన పని. సారు ఒప్పుకుంటారనే అనుకున్నాను.

"దిద్దితే రాసినోడు పోయి నేను మిగుల్త. అది నాకొద్దు సార్" అని మెల్లగా డబ్బాలకు తాడు కట్టారు.

సూర్యాపేటలో బస్సు దిగి నడుస్తుంటే సారు ఉన్నట్టుండి ఆగిపోయారు. ఎదురుగా గోడ మీద రాసి ఉంది: 'మడిగెలు కిరాయికి ఇవ్వబడును'.

"సదువు టీచరమ్మా, గట్టిగ సదువు!"

నేను చదివాను. సారు నడిరోడ్డు మీద పగలబడి నవ్వారు.

పుస్తకం రానే లేదు. రిటైరై మిర్యాలగూడ వెళ్లాక, తొంభైల్లో, ఒక కంప్యూటర్ సెంటర్‌లో పక్కనే కూర్చుని అంతా టైపు చేయించారు. "సార్, ఇది తప్పు గదా" అని టైపు చేసే అమ్మాయి అన్నప్పుడల్లా, "తప్పు గాదు తల్లీ, పాతది. అట్లనే కొట్టు" అనేవారట. ఆ ప్రతులు కాలేజీ లైబ్రరీలకిచ్చారు. కోదాడలో ఒకటి చూశాను. చదివి చదివి అంచులు నలిగిపోయాయి. నాకెంత సంతోషమైందో.

చివరిసారి వెళ్లినప్పుడు సారుకు చూపు బాగా తగ్గింది. అరుగు మీద కూర్చుని ఉన్నారు. సీతాఫలాలమ్మే తండా ఆమె గంప దించింది. సారు ఒక పండు చేతిలోకి తీసుకుని, "మీ బాసల దీన్నేమంటరు చెల్లె?" అన్నారు. ఆమె చెప్పింది.

"జర నిమ్మలంగ చెప్పు."

ఆమె నవ్వి, మెట్టు మీద కూర్చుని మళ్లీ చెప్పింది. సారు కళ్లు మూసుకుని, చప్పుడు రాకుండా పెదవులు కదుపుతూ, ఆ మాటను నోట్లో తిప్పుకుంటూ ఉండిపోయారు.