రెల్లులో ఆగిన లారీ

యుద్ధం రోజుల్లో బందరులో మంటలార్పే లారీలో పనిచేశాను. లారీ మీద నీళ్ల తొట్టి, చేత్తో కొట్టే పంపు, కాన్వాసు గొట్టం, తడిపిన గోనెలు ఉండేవి. నేను పంపు కొట్టేవాణ్ణి. మా వీధిలోనే ఉండే బావ గొట్టం పట్టేవాడు. చుట్టం కాదు, పిలుపు అలా అలవాటైంది. లారీ నడుస్తుండగానే ముందు మడ్గార్డు మీద కూర్చుని నీళ్లు కొట్టేవాడు. అది ప్రమాదమని మాకెవరూ చెప్పలేదు.

ఓ వేసవి మధ్యాహ్నం గిలకలదిండి అవతల రెల్లు అంటుకుంది. పడమటి వడగాలికి మంట జాలర్ల పాకల వైపు పాకుతోంది.

"వెనకనుంచి, కాలిన నేల మీదుగా వెళ్దామా?" అన్నాడు డ్రైవరు.

"చుట్టూ తిరిగేసరికి పాకలు అంటుకుంటాయి. పక్కనుంచే పోనివ్వు," అన్నాడు బావ.

నాకూ అదే నయమనిపించింది. మంటకు ఉత్తరంగా, ఎండు రెల్లులోకి లారీ దించాం. కొంచెం దూరం వెళ్లామో లేదో వెనక చక్రాలు ఇసుకలో దిగబడ్డాయి. ఇంజను ఆగిపోయింది. అంతలో దక్షిణం నుంచి సముద్రపు గాలి లేచింది. పక్కగా పోతున్న మంట మొత్తం మా మీదికి తిరిగింది.

నేను డ్రైవరు పక్కన దూరి తడి గోనెలు కప్పుకున్నాను. "బావా, లోపలికి రా," అని అరిచాను.

"పెట్రోలు అంటుకుంటుంది, దిగండి," అంటూ అతను దూకి రెల్లులో పరుగెత్తాడు.

మంట లారీని దాటి వెళ్లిపోయింది. డ్రైవరు చేతులు బొబ్బలెక్కాయి. బావ కాస్త దూరంలోనే బోర్లా పడి ఉన్నాడు, ఊపిరుంది. గాలి తిరగడంతో పాకల వైపు మంట వెళ్లనేలేదు. మేం వెళ్లకపోయినా వాటికేమీ అయ్యేది కాదు.

ఆసుపత్రిలో బావ పక్కన అతని భార్య విసనకర్రతో విసురుతూ కూర్చుంది.

"మీరెట్లా బతికారు అన్నయ్యా?" అంది.

"లారీలోనే ఉండిపోయామమ్మా."

"మరి ఆయనకు చెప్పలేదా?"

"పిలిచాను. వినపడిందో లేదో."

మర్నాడు పొద్దున బావ పోయాడు. కర్మకాండలయ్యాక ఆమె పిల్లల్ని తీసుకుని నందివాడలో పుట్టింటికి వెళ్లిపోయింది. వెళ్లేటప్పుడు మా గుమ్మం ముందునుంచే వెళ్లింది. తలెత్తలేదు.

నాకు వేరే బతుకుతెరువు లేదు. ఆ పనిలోనే ఉన్నాను. కొత్తవాళ్లకు, లారీ ఆగితే దిగి పరుగెత్తవద్దని చెప్పేవాణ్ణి.

"మంట మీదికొస్తుంటే కదలకుండా ఎట్లా కూర్చుంటామండీ?" అనేవారు.

నేను గోనెలు తడిపి డ్రైవరు పక్కన పెట్టేవాణ్ణి.