బురదలో మిగిలిన కొరమేను

అడవిపొలం ఊళ్ళో చేపలచెరువు ఎండగట్టాక, కొత్త చేపపిల్లను వదిలేముందు బురదలో దిగి పాదాలతో తడిమి చూడాల్సింది రామతులసే. అడుగున ఒక్క కొరమేను దాక్కున్నా వదిలిన పిల్లనంతా మింగి కూర్చుంటుంది. ఆవిడ సరే అనాలి, అప్పుడే పిల్ల దిగాలి. మొగుడు చిన్నారావు మాట కూడా అక్కడ చెల్లదు.

పాదాల మీదున్న ఆ నమ్మకాన్నే చేతివేళ్ళ మీదా పెట్టుకుంది మహాతల్లి! రొమ్ములో నిమ్మకాయంత గడ్డ, కీమో ఇంజక్షన్లు పడ్డాక వేళ్ళకి తగలడం మానేసింది. "కరిగిపోయిందిగా, ఇంకా ఆపరేషన్ ఎందుకూ?" అని మొండికేసింది. కాకినాడలో ఆపరేషన్‌కి రోజు కూడా ఖాయమైపోయింది.

డాక్టర్ జోసెఫిన్ ఎంత చెప్పిందని! "గడ్డలో నెత్తురు సరిగ్గా అందనిచోట ఆక్సిజన్ ఉండదమ్మా. అక్కడ చాలా కణాలు చస్తాయి. కానీ మూలకణాలని కొన్నుంటాయి, ఊపిరాడని కొద్దీ అవి ఇంకా మొండిగా తయారవుతాయి. మందుకి ఓ పట్టాన లొంగవు. మళ్ళీ గడ్డ పుట్టేది వాటినుంచే. చేతికి తగలకపోయినా తీసెయ్యాల్సిందే."

రామతులసి చెవినెక్కించుకోలేదు. అసలు సంగతి భయం. రొమ్ము తీసేస్తే అద్దంలో తనని తాను చూసుకోలేనేమోనని ప్రాణం గిలగిల్లాడిపోతోంది.

ఆపరేషన్‌కి ముందురోజు పొద్దున్న చేపపిల్ల బండి గట్టుమీద సిద్ధంగా ఉంది.

"ఏమే తులసీ, రేపటికి ఆటో చెప్పనా వద్దా? చంపక చెప్పవే!" అన్నాడు చిన్నారావు.

"ఊరుకోండి, పని చూడనివ్వండి," అంటూ బురదలోకి దిగింది.

పోయిన నెల ముసురుకి ఆక్సిజన్ అందక ఆ చెరువులో చేపలన్నీ తెల్లారేసరికి చచ్చి తేలాయి. మిగిలిన నీళ్ళలో, ఇంకేమైనా ఉంటే చావాలని ఇప్పపిండి కూడా చల్లారు. తరవాత తోడేసి ఎండగట్టి, మొన్ననే మోకాటిలోతు కొత్తనీరు పెట్టారు. ఇంకేం మిగులుతుందిలే అనుకున్నారందరూ.

తూము దగ్గర కుడిపాదం కింద ఏదో మెదిలింది.

"ఏం లేదుగా? వదిలెయ్యమంటావా?" గట్టుమీంచి కేకేశాడు చిన్నారావు.

ఆవిడ వంగి చెయ్యి పెట్టి లాగింది. మూరెడు కొరమేను! నల్లగా నిగనిగలాడుతూ, చేతిలోంచి జారిపోయేంత బలంగా కొట్టుకుంటోంది. గాలందక అన్నీ చచ్చిన చెరువులో ఇది బలిసి కూర్చుంది. రామతులసి బురదచెయ్యని కూడా చూసుకోకుండా రెండో చేత్తో రొమ్ము తడుముకుంది. ఏమీ తగల్లేదు. తగలనందుకే ఏడుపు ముంచుకొచ్చింది.

"పిల్లని వదలకండి!" అని అరిచింది. "రేపటిదాకా ఎందుకండీ, ఆటో ఇప్పుడే పిలవండి."