ఒంటె మార్కు కస్టమర్ సర్వీస్

అమ్మిరాజుకి తాగుడు లేదు, పేకాట లేదు, సినిమాల మోజు కూడా లేదు. ఉన్నదల్లా ఒక్కటే పిచ్చి: రివాల్వర్లు. పోలీసుల నడుముకి వేలాడేవి కావు, పిల్లలు ఎర్ర రీలు చుట్టుకుని టప్ టప్ మని పేల్చుకునే బొమ్మ రివాల్వర్లు. తొంభైల చివర్లో బహ్రెయిన్ నుంచి సెలవు మీద ఇంటికెళ్లే ప్రతి తెలుగువాడి పెట్టెలోనూ ఒక దుప్పటి, ఒక సెంటుసీసా, ఒక టేప్‌రికార్డరు, వాటి సందులో బట్టల్లో చుట్టిన బొమ్మ రివాల్వరు ఒకటి ఉండేవి. అమ్మిరాజు పెట్టే పరీక్ష పాసవకుండా ఆ రివాల్వరు వాళ్ల లేబర్ క్యాంపు ఉన్న జిదాఫ్స్ దాటడానికి వీల్లేదు.

పరీక్షలో మూడు సబ్జెక్టులు. క్వాలిటీ, రిలయబిలిటీ, కస్టమర్ సర్వీస్. సీఫ్‌లో అతను క్లీనింగ్ చేసే ఆఫీసులో ఈ మూడు మాటలూ పెద్ద పెద్ద అక్షరాలతో గోడకి తగిలించి ఉండేవి. వాటి మీది అద్దం రోజూ తుడిచీ తుడిచీ మాటలు కూడా ఒంటికి పట్టేశాయి. ఇక ఏది కనిపించినా వాటితోనే కొలిచేవాడు. క్యాంపు మెస్సులో చారు వడ్డిస్తే, ఒక గుక్క తాగి కళ్లు మూసుకునేవాడు.

"క్వాలిటీ ఉందండి. రిలయబిలిటీ లేదండి, నిన్నటి రుచి ఇవాళ లేదు. ఇక కస్టమర్ సర్వీసంటారా, గరిటె అలా మొహం మీదకి విసిరితే ఎలాగండీ?"

వంటవాడు ఆ గరిటె పట్టుకుని రెండుసార్లు వెంటపడ్డాడు. "ఇదేనండీ నేను చెప్పేది" అంటూ పరిగెత్తాడు అమ్మిరాజు.

కోనసీమ మనిషి కాబట్టి ఎవర్నైనా 'అండి' అనకుండా పలకరించడం అతనికి చేతకాదు. గదిలో పక్క మంచం లచ్చన్నది. లచ్చన్నది జగిత్యాల దగ్గర పల్లె, చేసేది తాపీపని. మనిషి తాటిచెట్టంత పొడుగు, కోపం అంతకంటే పొడుగు. శుక్రవారం మధ్యాహ్నం నిద్ర తప్ప ఈ భూమ్మీద అతను కోరుకున్నది ఇంకేమీ లేదు. ఆ నిద్రకే ఎసరు పెట్టాడు అమ్మిరాజు.

రీళ్లు బయట పేలిస్తే క్యాంపు బాసు కేకలేస్తాడని, అమ్మిరాజు తన మంచం మీదే నిండా కంబళి కప్పుకుని లోపల పేల్చేవాడు. ఒక శుక్రవారం లచ్చన్నకి మెలకువ వచ్చి చూస్తే, పక్క మంచం మీద కంబళి గడగడా వణుకుతోంది, అంచుల్లోంచి పొగ వస్తోంది. మనిషి అంటుకుపోతున్నాడనుకుని బిందెడు నీళ్లూ గుమ్మరించాడు.

అమ్మిరాజు కంబళి తీసి, నీళ్లు కారుతున్న రివాల్వరు వంక విచారంగా చూశాడు. "గద్ద మార్కండి. క్వాలిటీలో దీన్ని కొట్టేది లేదు. తడిస్తే మాత్రం రిలయబిలిటీ సున్నా."

"నీ యవ్వ! పాణం బోయిందనుకున్న గదనే!" అన్నాడు లచ్చన్న, బిందె ఇంకా చేతిలోనే ఉంది.

"మీ సర్వీసు బావుందండి లచ్చన్నగారూ" అన్నాడు అమ్మిరాజు, తల తుడుచుకుంటూ.

జిదాఫ్స్ బజారులో మొయిదు అనే మలబారు ఆయన బొమ్మల షాపులో దొరికేవి మూడు మార్కులు. గద్ద మార్కుది ఇనుప ఒళ్లు, చేతిలో పెడితే బరువుగా ఠీవిగా ఉండేది. సింహం మార్కుది రీలు పెడితే చివరి బిళ్ల దాకా ఆగకుండా పేలేది. మూడోది ఒంటె మార్కు. పట్టుకుంటే పిడి ఊగేది, నొక్కితే ట్రిగ్గరు ఊడేది, చక్రం తిరిగితే తిరిగేది, లేకపోతే అలిగేది. చవకది కాబట్టి క్యాంపులో అందరూ కొనేది మాత్రం ఆ ఒంటెనే. చిత్రం ఏమిటంటే, అమ్మిరాజు మార్కుల్లో ఎప్పుడూ ఫస్టొచ్చేది కూడా అదే.

"గద్దా సింహం పాడైతే పాడైనట్టేనండి, అడిగే దిక్కులేదు. అదే ఒంటె వాళ్లు! విరిగిన ముక్క తెచ్చి చూపిస్తే చాలు, మారుమాట లేకుండా కొత్తది చేతిలో పెడతారు. ప్రపంచం మొత్తం మీద అలాంటి కస్టమర్ సర్వీసు ఉందాండీ?"

అందుకని సెలవుకి వెళ్లే ప్రతివాడి చేతా ఒట్టు వేయించుకునేవాడు: విరిగితే పారేయకూడదు, ముక్కలతో సహా వెనక్కి తేవాలి. లచ్చన్న నవ్వి ఊరుకున్నాడు. తీరా తన కొడుక్కి పట్టుకెళ్లిన ఒంటె మార్కు మొదటిరోజు సాయంత్రమే రెండు ముక్కలైంది. మూడేళ్ల తర్వాత చూసిన తండ్రి దగ్గరకి అప్పుడప్పుడే చేరుతున్న పిల్లాడు మళ్లీ వాళ్లమ్మ కొంగు వెనక్కి వెళ్లిపోయాడు. సెలవంతా అదే గతి. లచ్చన్న ముక్కలు తెచ్చి అమ్మిరాజు మంచం మీద పడేసి, "నీ ఒంటె నా ఇజ్జత్ తీసింది" అన్నాడు. పై శుక్రవారం అమ్మిరాజు డబ్బాతో సహా కొత్తది తెచ్చాడు. అది ఊరికి వెళ్లే మనిషి చేత పంపితే, ఆ తర్వాత ఫోనులో పిల్లాడు మొదటిసారి "నాయినా" అన్నాడు. అప్పటినుంచి కంపెనీ అంటే లచ్చన్నకి కూడా గురి కుదిరింది.

అలా ఉండగా అమ్మిరాజు ఆఫీసు మెట్ల మీద కాలు జారి చీలమండ బెణికించుకున్నాడు. వారం దాటినా కాలు కింద పెట్టలేకపోతున్నాడు. సరిగ్గా అప్పుడే, ఒక శుక్రవారం పొద్దున, జింజ్‌లో ఒకరింట్లో పనిచేసే సాయికుమారి విరిగిన రివాల్వరు పట్టుకుని క్యాంపు గేటు దగ్గరకి వచ్చింది. ఆమెది భీమవరం వైపు. లచ్చన్న బయటికి వెళ్లి ఏమిటని అడిగాడు.

"మావాడికి పంపిందండీ అన్నయ్యగారూ. పేలనే లేదంట. పక్కింటి ఫోనుకి రమ్మంటే, అమ్మ ఉత్తుత్తిది పంపింది, నేను మాట్లాడనన్నాడంట." ఆమె నవ్వబోయింది గాని నవ్వు రాలేదు. "మా ఊరావిడ రేపే ఇమానం ఎక్కుతుంది. రాజుగారు మార్పిస్తారని..."

"గదెంత పని? నేను బోయి మార్పిచ్చుకొస్త" అన్నాడు లచ్చన్న.

గదిలోకి వచ్చి ఆ మాట చెప్పేసరికి అమ్మిరాజు మంచం మీంచి లేచి ఒంటికాలి మీద నిలబడ్డాడు. "మీరొద్దండీ! కంపెనీ వాళ్లు నాతో తప్ప మాట్లాడరండీ! నేనెళ్తాను, బస్సు దాకా ఎత్తుకుపోండి చాలు!"

"పండుకో" అన్నాడు లచ్చన్న.

"ఆయ్, పోనీ వచ్చే వారం..."

"పోరడు మాట్లాడుతలేడంటే వచ్చే వారమంటవేంది?" అని విసురుగా బయటపడ్డాడు.

మొయిదు షాపులో లచ్చన్న రాజాలా వెళ్లి విరిగిన రివాల్వరు బల్ల మీద పెట్టాడు. తనకొచ్చిన హిందీలో, "కంపెనీ మాల్. బదల్ దేవ్" అన్నాడు.

మొయిదు గోడ మీది బోర్డు చూపించాడు. అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదని అరబ్బీలో, ఇంగ్లీషులో, మలయాళంలో రాసి ఉంది. లచ్చన్నకి ఆ మూడూ రావు కాబట్టి మొయిదు వేలు పెట్టి మూడూ చదివి అర్థం చెప్పాడు. "ఖలాస్" అన్నాడు చివర్న.

లచ్చన్నకి తిక్క రేగింది. "ఎట్ల ఖలాస్? కంపెనోనికి ఫోన్ కొట్టు! నేను మాట్లాడుత!"

"ఏ కంపెనీ భాయ్? బస్తాల్లో వస్తాయి. చేసేవాడెవడో నాకే తెలియదు."

"మరి మా రాజుకెట్ల మారుస్తున్నవ్?"

మొయిదు ఒక్క క్షణం తెల్లబోయి చూశాడు. తర్వాత బల్ల పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. కళ్లు తుడుచుకుని చెప్పాడు. రాజు ప్రతి శుక్రవారం వస్తాడట. షాపు అద్దాలు, షట్టరు, గుమ్మం అన్నీ కడుగుతాడట. దానికి బదులు ఎవరిదైనా విరిగిన వారం కొత్తది ఒకటి పట్టుకెళ్తాడట. డబ్బా కొత్తగా మెరవాలని మరీ ఏరుకుంటాడట.

"మా షాపులో కస్టమర్ సర్వీస్ అంటే అదే భాయ్. కస్టమరే వచ్చి సర్వీస్ చేస్తాడు!"

లచ్చన్నకి కోపం రావాలో నవ్వు రావాలో తెలియలేదు. ముందు కోపమే వచ్చింది, అలవాటు కొద్దీ. గదిలో ఉన్న పది మందిలో ఎవరికీ చెప్పకుండా ఇన్నాళ్లు ఎలా దాచాడు? తర్వాత తన కొడుకు ఫోనులో అన్న ఆ ఒక్క మాట మళ్లీ చెవిలో పడ్డట్టయింది. జేబులోకి చెయ్యి పోనిచ్చాడు, కొత్తది కొనేద్దామని.

మొయిదు వద్దన్నట్టు చెయ్యి ఊపి, దుమ్ముతో మసకేసిన అద్దం వైపు గడ్డంతో చూపించాడు. "రాజు రాకపోయేసరికి ఎలా ఉందో చూడు. లోపల ఏముందో బజారుకి కనపడడం లేదు."

లచ్చన్న చొక్కా చేతులు పైకి మడిచాడు. జన్మలో అద్దం తుడిచినవాడు కాదు. గోడకి సిమెంటు రుద్దినట్టు గుండ్రంగా రుద్దాడు. మొదట ఇంకా మసకబారింది. మొయిదు తిట్టాడు, లచ్చన్న తిరిగి తిట్టాడు, మళ్లీ తుడిచాడు. చొక్కా మొత్తం తడిశాక కొత్త ఒంటె మార్కు చేతికొచ్చింది. డబ్బాలో పెట్టించే ముందు రీలు పెట్టి నాలుగుసార్లు పేల్చి మరీ తీసుకున్నాడు.

సాయికుమారి బస్టాపులో కాసుకుని ఉంది. డబ్బా చూడగానే మొహం విప్పారింది. "ఏవన్నారన్నయ్యగారూ కంపెనీ వాళ్లు?"

"తప్పయిందన్నరు చెల్లె. పోరనికి కూడ చెప్పమన్నరు, గుస్స కావద్దని."

"ఎంత మంచోళ్లండీ!" అంది ఆమె, డబ్బా గుండెకి హత్తుకుని బస్సెక్కుతూ.

లచ్చన్న గదికి వచ్చేసరికి అమ్మిరాజు దిండు మీద కాలు పెట్టుకుని గుమ్మం వైపే చూస్తున్నాడు. తడిసిన చొక్కా చూశాడు. కళ్లు దించేసుకున్నాడు.

"మార్చారాండీ?"

"మార్చిండ్రు."

లచ్చన్న మంచం అంచున కూలబడి అడిగాడు. "ఎందుకు రాజన్నా గీ తిప్పలు? గద్ద మార్కు కొనుండ్రి అని చెప్తె అయిపాయె గద?"

"అందరూ గద్దని కొనగలరాండీ?" అన్నాడు అమ్మిరాజు, దుప్పటి అంచు సర్దుకుంటూ. "ఒంటెనే కొంటారు. కొన్నవాడు మంచిదే కొన్నాననుకోవాలి. అక్కడ పిల్లాడు కూడా మా నాన్న మంచిదే పంపాడనుకోవాలి కదండీ. ఆ ఒంటె కంపెనీవాడు చూస్తేనా, ఎక్కడుంటాడో తెలీదు. వాడి పరువు ఎవరో ఒకరు నిలబెట్టాలి కదండీ మరి."

లచ్చన్న తల అడ్డంగా ఊపాడు. "వచ్చే శుక్రారం నేను గూడ వస్త."

"మీ నిద్దరండీ?"

"నిద్ర సంగతి నాకిడిసిపెట్టు."

అమ్మిరాజు ఏదో అనుమానం పీకుతున్నట్టు మోచేతి మీద లేచి, గొంతు తగ్గించి అడిగాడు.

"అద్దం పైన కుడిపక్క మూల తుడిచారాండీ? నాకెప్పుడూ అందదు."

"తుడిసిన" అన్నాడు లచ్చన్న. "ముక్కాలిపీట గూడ అక్కెర రాలే."

అమ్మిరాజు తృప్తిగా వెనక్కి వాలి కళ్లు మూసుకున్నాడు.