గాబ్రియేలు తరిమేసిన రక్తం

గాబ్రియేలు పేరు చెబితే బద్వేలు చుట్టుపక్కల రక్తమియ్యడానికొచ్చేవాళ్ళకు హడలు. ఆసుపత్రిలో మైక్రోస్కోపు ముందు కూర్చునేది ఆయనే. వేలు పొడిచి, చుక్క తీసి, గాజుపలక మీద చూసి, చలిజ్వరపు పురుగు కనబడిందా, "లెయ్ లెయ్, నీ రక్తం నువ్వే ఉంచుకోప్పా!" అని తరిమేవాడు. లంకమల కొండకింది ఊర్లలో ఆ జ్వరం రానివాడెవడు? పదిమంది వస్తే నలుగురు తిరుగుముఖం పట్టేవాళ్ళు. తమ్ముడికిచ్చుకుంటానని కాళ్ళు పట్టుకున్నవాణ్ణి కూడా కనికరించలేదు మహానుభావుడు. డాక్టరమ్మతో మాత్రం "ఎవరూ పనికిరాలేదమ్మా" అని ఒక్క ముక్కలో తేల్చేసేవాడు.

తనదాకా వస్తే గానీ తెలియదంటారు. పందొమ్మిది వందల యాభై నాలుగు చలికాలంలో భార్య ఏసుమణికి కానుపైంది. బిడ్డ దక్కింది గానీ రక్తం ఆగలేదు. వచ్చిన బంధువుల్లో ఒక్కరిదీ కలవలేదు. కలిసింది గాబ్రియేలుదే. తన వేలు తానే పొడుచుకుని చూసుకున్నాడు. ఉన్నాయి, రెండు పురుగులు! ఆయనా కొండకింద పుట్టినవాడే మరి.

"చూసినావా గాబ్రియేలూ?" డాక్టరమ్మ కృష్ణవేణమ్మ కాన్పుగదిలోనుంచి కేకేసింది.

నిజం చెబితే తననూ వద్దంటుంది, ఏసుమణి చచ్చిపోతుంది. "చూసినానమ్మా. బాగుండాది," అన్నాడు.

సీసాడు రక్తం ఎక్కింది. ఏసుమణి కళ్ళు తెరిచి నీళ్ళడిగింది. గాబ్రియేలు ప్రభువుకు మొక్కి ఏడ్చాడు.

పన్నెండో రోజు ఆమెకు చలి పుట్టింది. నాలుగు దుప్పట్లు కప్పినా మంచం గడగడలాడింది. కడప టౌనులో పెరిగిన పిల్ల, చలిజ్వరం ఎరగదు. అందుకే డాక్టరమ్మ బాలింత జ్వరమనుకుని సూదులు వేసింది. గాబ్రియేలు దొంగకు తేలు కుట్టినట్టు నోరు మూసుకున్నాడు. చాటుగా చలిజ్వరానికిచ్చే చేదు మాత్రలు రెండు మింగిస్తే కక్కేసింది. మూడోనాటికి తెలివి తప్పింది. అప్పుడు పరిగెత్తి డాక్టరమ్మ ముందు కూలబడ్డాడు.

"నా రక్తంలో ఉండాదమ్మా. మీరు వద్దంటారని దాచినా."

ఆమె చేతులు క్వినైను సూది సిద్ధం చేస్తూనే ఉన్నాయి, నోరు మాత్రం ఆగలేదు. "ఎందుకు వద్దంటానప్పా? వేరే మనిషి లేకుంటే అదే ఎక్కిచ్చి, ఆ పొద్దు నుంచే మాత్రలేసుందును. పురుగుంటే నాకు చెప్పమన్నా గానీ, తరిమేయమని ఎప్పుడన్నా అన్నానా?"

"అయితే నేను తరిమినోళ్ళ మనుషులు... వాళ్ళు బతికుందురా అమ్మా?"

"కొందరు బతికుందురు," అంది ఆమె.

సూది పని చేయలేదు. ఏసుమణి ఆ సాయంత్రమే పోయింది.