నాన్న ఎక్కిన జీపు

మొన్న ఒక ఆదివారం పొద్దున పాల ప్యాకెట్ల కోసం కిందికి దిగినవాణ్ణి, మా కాందివలి భవనం పార్కింగులో పక్క ఫ్లాటు అబ్బాయి కొత్త బండి ముందు మోకాళ్ల మీద కూర్చుని, చక్రం వెనక్కి తలదూర్చి చూస్తూ వాచ్‌మన్‌కు దొరికిపోయాను. అరవై ఆరేళ్ల మనిషి, తెల్ల లాల్చీ, చేతిలో పాల సంచి. దొంగ అనుకోవడానికి అతనికి మనసొప్పలేదు, పెద్దమనిషి అనుకోవడానికి నా వాలకం కుదరలేదు, ఏం చెయ్యాలో తోచక ఈల ఊదాడు. సంగతేమిటంటే, కొండదారుల్లో తిరిగే సరదా ఉన్న ఆ అబ్బాయి తన బండిని కంపెనీ ఇచ్చినదానికంటే నాలుగు వేళ్ల ఎత్తు లేపించి, చక్రాలు ఇంకా కిందికి దిగేలా, ఇంకా పైకి ఎక్కేలా మార్పించాడు. ఆ పూట ఒక చక్రాన్ని పూలకుండీల గట్టు మీదికి ఎక్కించి నిలిపాడు, అవతలి చక్రం కిందికి సాగింది, దాని వెనక బ్రేకు నూనె వెళ్లే రబ్బరు గొట్టం బట్టలారేసే తాడులా బిగిసి ఉంది. అది చూశాక పాలు విరిగినా సరే అక్కడి నుంచి లేవలేకపోయాను, ఎందుకంటే నలభై ఏళ్ల కిందట అలాంటి గొట్టమే ఒకటి నా చేత మెకానిక్ పనే మానిపించబోయింది.

మా పేట కామాటిపుర. ఆ పేరు వినగానే అక్కడి చెడ్డ వీధులే తలుచుకుని ముసిముసిగా నవ్వేవాళ్లని చాలామందిని చూశాను, వాళ్లతో వాదించే ఓపిక నాకు ఏనాడూ లేదు, ఈ నగరానికి గోడలు లేపిన కామాటీల పేరది అని మాత్రం చెప్పి ఊరుకుంటాను. మా తాత పాలమూరు నుంచి తట్టా పారా పట్టుకుని వచ్చినవాడు, మా నాన్న తాపీమేస్త్రీ, చాల్ అనే వరస గదుల భవనంలో మాది ఒకే ఒక్క గది, అందులో ఏడుగురం. ఇదంతా నా ఈడువాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు, గ్రాంట్ రోడ్‌లో రైలు దిగి ఆ గల్లీల్లోకి నడిచినవాళ్ల చెవుల్లో పంపు దగ్గర బిందెల మోతా, పొద్దున్నే జొన్నరొట్టెలు తట్టే చప్పుడూ ఇప్పటికీ ఉండే ఉంటాయి. మునిసిపాలిటీ తెలుగు బడిలో ఏడో తరగతి అయ్యాక నాన్న నా చేతికి తాపీ ఇచ్చాడు. నాలుగేళ్లు ఆయన వెంట సైట్లకు తిరిగి, గోడ నిలువు చూసే తూకం గుండూ, మట్టం చూసే నీళ్ల గొట్టమూ పట్టడం నేర్చుకున్నాను గానీ, మనసంతా గల్లీ చివర మా బావ, అంటే మా అక్క భర్త, నడిపే వర్క్‌షాపు మీదే ఉండేది. చివరికి ఒకరోజు తాపీ గూట్లో పెట్టేసి పానా పట్టాను. నాన్న తిట్టలేదు, ఆయనకు తిట్టడం రాదు. ఏడేళ్లపాటు ఆ వర్క్‌షాపు గడప మాత్రం తొక్కలేదు.

నాన్న గురించి ఇంకో మాట ఇక్కడే చెప్పాలి. స్లాబు పోసి, అది గట్టిపడ్డాక, దాని కింద ఆనించిన చెక్కలూ గుంజలూ, అంటే సెంట్రింగ్, విప్పే రోజున మా మేస్త్రీల్లో ఒక అలవాటు ఉండేది. పోసిన మేస్త్రీ ఆ స్లాబు కిందనే నిలబడాలి. కూలీలు ఒక్కొక్క గుంజా కొట్టేస్తూ బయటికి వచ్చేస్తుంటే నాన్న మధ్యలో చేతులు కట్టుకుని నిలబడేవాడు, చివరి గుంజ పడ్డాక ఒకసారి పైకి చూసి, అప్పుడు బీడీ ముట్టించేవాడు. మా అమ్మ అదే సైటులో ఇసుక మోసేది, ఆ కాసేపు మాత్రం తట్ట దించి అటువైపు తిరిగి నిలబడేది. అమ్మకు పిరికితనం అనుకునేవాణ్ణి. నాన్నకైతే భయమన్నదే తెలియదని తోటివాళ్ల దగ్గర గొప్పలు పోయేవాణ్ణి.

నాకు ఇరవై నాలుగేళ్లప్పుడు, ఎనభైల్లో ఒక ఎండాకాలం, ఒక డాక్టరమ్మ పాత మిలిటరీ జీపు వేసుకుని వర్క్‌షాపుకు వచ్చింది. మరాఠీ ఆవిడ, ఘాట్ కొండల వెనక ఉన్న గూడేలకు నెలకు రెండుసార్లు మందులు తీసుకెళ్లేది. ఆ రాళ్లదారిలో ఒక చక్రం పైకెక్కితే ఇంకోటి గాలిలో లేచి ఊరికే తిరిగేదట, బండి అక్కడే ఆగిపోయేదట, మిగతా దూరం మందుల పెట్టె నెత్తిన పెట్టుకుని నడిచేదట. నాలుగు చక్రాలూ నేలను వదలకూడదు, వానలు పడేలోగా బండి కావాలి, ఆవిడ అడిగింది అంతే. బావ ఇంజన్ల మనిషి, బండి కింది పనులన్నీ నావి, అందుకని ఈ పని పూర్తిగా నాకే వదిలేశాడు. ఒక బండి మొత్తంగా నా చేతికి రావడం అదే మొదలు.

ఆ జీపుకు బరువు మోసే కమాను పట్టీలూ, వాటి పక్కన షాక్ అబ్జార్బర్లూ ఉండేవి, మా వర్క్‌షాపుల్లో వాటిని షాకప్‌లు అనేవాళ్లం. షాకప్ అంటే లోపల నూనె నింపిన గొట్టం, చక్రం ఎగిరినప్పుడల్లా లోపలి కడ్డీ ఆ నూనెను సన్నటి రంధ్రాల గుండా నెడుతుంది, కుదుపు అక్కడే అణిగిపోతుంది. పాత షాకప్‌ల కడ్డీ పొట్టిది, చక్రం గుంతలోకి దిగుదామన్నా దిగనిచ్చేది కాదు. నాలుగు రోజులు పాత సామాన్ల బజారులో తిరిగి, ఏదో పెద్ద బండికి వాడిన పొడుగు షాకప్‌లు పట్టుకొచ్చి, విప్పి, కొత్త సీళ్లు వేసి, చిక్కటి నూనె పోసి, జీపు ఛాసిస్‌కు, అంటే అడుగు చట్రానికి, ఎత్తులో కొత్త పట్లు వెల్డింగ్ చేసి బిగించాను. కమానులో ఒక పట్టీ తీసి మెత్తబరిచాను, కమానును ఛాసిస్‌కు వేలాడదీసే ఇనుప కొక్కేలు పొడుగువి చేయించాను. ఆ పదిహేను రోజులూ తిండి ఏం తిన్నానో గుర్తులేదు గానీ ఆ నూనె వాసన మాత్రం బాగా గుర్తుంది.

బిగింపు అంతా అయ్యాక, నా గొప్పతనం చూడండి, నాన్న సంచీలోంచి ఆయన తూకం గుండూ నీళ్ల గొట్టమూ అడక్కుండా పట్టుకొచ్చాను. జీపును మట్టమైన బండల మీద నిలబెట్టి, నాలుగు మూలలా ఎత్తు చూసి, గోరంత తేడా లేకుండా సరిచేశాను. ప్రతి గొట్టం, ప్రతి తీగ ఎంత వదులుందో ఆ నిలబెట్టిన బండి మీదే చూసుకున్నాను, అన్నీ బరాబర్. బావ పక్క దుకాణాల వాళ్లను పిలిచి మరీ చూపించాడు, మేస్త్రీ కొడుకు బండి కట్టాడురా అని నవ్వారు వాళ్లు, నేను పొంగిపోయాను.

అంధేరీ తూర్పు వైపు అప్పట్లో రాళ్ల క్వారీలు ఉండేవి, వాటిల్లో మన పాలమూరు మనుషులే గుడిసెలు వేసుకుని పనిచేసేవాళ్లు. జీపును అక్కడికి తీసుకెళ్లి, ఒక ఏటవాలు దారి మీద ఎక్కించి చూద్దామనుకున్నాం. డాక్టరమ్మ చూస్తానని వచ్చి దారి కింద నిలబడింది. మొదటి బండరాయి మీదికి చక్రం ఎక్కింది, అవతలి చక్రం నేలను వదలకుండా కిందికి సాగింది, నా సంతోషం ఏం చెప్పను. రెండో గుంతలోకి ఎడమ చక్రం పూర్తిగా దిగగానే ఏదో టప్‌మని తెగిన చప్పుడు, బ్రేకు మీద కాలు వేస్తే అది నేలదాకా పోయింది. చేతిబ్రేకు ఆ జీపుకు అలంకారం మాత్రమే. బండి వెనక్కి, డాక్టరమ్మ నిలబడ్డ వైపుకే జారడం మొదలుపెట్టింది. గంపలతో రాళ్లు మోస్తున్న ఇద్దరు ఆడవాళ్లు పరుగున వచ్చి, గంపలు గంపలుగానే వెనక చక్రాల కింద కుమ్మరించారు, ఆవిడకు రెండు బారల దూరంలో బండి ఆగింది. అందులో పెద్దావిడ రొప్పుతూ నడుం మీద చేయి వేసుకుని నన్ను ఎగాదిగా చూసింది.

“ఏం బండి కొడుకా ఇది, ఎక్కుడే గాని నిలవడుడు తెల్వదా దీనికి?”

కిందికి దూరి చూస్తే బ్రేకు గొట్టం తెగి నూనె కారుతోంది. చక్రం ఇంకా కిందికి దిగే వీలు కల్పించిన నేను, దాంతోపాటు దిగాల్సిన గొట్టాన్ని పాతదే ఉంచేశాను. నిలబడ్డ బండిలో అది వదులుగానే ఉంది మరి. డాక్టరమ్మ ముఖం పాలిపోయింది, అయినా ఒక్క పరుషమైన మాట అనలేదు, వారంలో సరిచెయ్యగలవా, మళ్లీ వస్తాను అని మాత్రం అంది. జీపును క్వారీలోనే వదిలి రైల్లో తిరిగొచ్చేసరికి, రాళ్ల లారీ వాళ్ల నోట కబురు నాకంటే ముందే చాల్ చేరింది.

ఆ సాయంత్రం నాన్న గది బయట వసారాలో కూర్చుని ఉన్నాడు. నేను చేతులు కడుక్కుని, రేపటి నుంచి నీ వెంట సైటుకు వస్తాను నాన్నా అన్నాను. ఏడేళ్లుగా ఆయన ఎదురుచూసిన మాట అది. తలూపి ఊరుకుంటే సరిపోయేది, నేను తాపీమేస్త్రీనయ్యేవాణ్ణి, ఆయన కోరిక తీరేది. ఆయన మాత్రం ఎట్లా కొలిచావో చెప్పమన్నాడు. చెప్పాను. తూకం గుండు మాట రాగానే చిన్నగా నవ్వాడు.

“మనం కట్టేది నిలవడేది, గందుకే నిలవెట్టి కొలుస్తం. అది దిగుతది, ఎక్కుతది. దిగినకాడ కొలవాలె గదరా. గిది నేను నేర్పిన తప్పే.”

రెండు రోజులకు బావ జీపును లాక్కొచ్చాడు, ఆ మర్నాడు సైటుకు సెలవు పెట్టి నాన్న వర్క్‌షాపు గడప తొక్కాడు. నన్ను పలకరించనైనా లేదు, ఇటుకలు తెమ్మన్నాడు. ఒక ముందు చక్రం కింద ఇటుకలు పేర్పించి దాన్ని పైదాకా ఎక్కించి, రెండో చక్రం కింద నేల తవ్వించి దాన్ని కిందిదాకా దింపించి, ఇరుసు కొసకు తూకం గుండు వేలాడదీసి, పక్క గోడ మీద ఎర్రటి జాజుమట్టితో పై గీత ఒకటి, కింది గీత ఒకటి గీశాడు. చక్రం తిరుగాడే మేర అంతా గోడ మీద కనిపించింది. చక్రం కింది గీత దగ్గర ఉన్నప్పుడు కొలిస్తే గొట్టం బెత్తెడు తక్కువ. అలాగే ఉంచి స్టీరింగ్ ఒక పక్కకు పూర్తిగా తిప్పితే ఇంకా లాగుతోంది, అది నేను పట్టాను, నాన్న నా వైపు చూసి మళ్లీ కొలవమన్నాడు. అన్నీ కలిపి, పైన ఇంకో నాలుగు వేళ్లు వదులు ఉంచి కొత్త గొట్టాలు వేశాను, నాలుగు చక్రాలనూ అలాగే ఎక్కించి దింపి చూశాం. మూడు రోజులు పట్టింది. బావ మధ్యాహ్నాల్లో టీ తెప్పిస్తే నాన్న వద్దనకుండా తాగాడు, అది చూసి మా అక్క లోపలికి వెళ్లి కళ్లు తుడుచుకుందని తరవాత తెలిసింది.

మళ్లీ అదే క్వారీ, అదే ఏటవాలు. ఈసారి డాక్టరమ్మను దూరంగా పక్కకు నిలబెట్టాం, గంపల ఆడవాళ్లు అడక్కుండానే రాళ్లు సిద్ధంగా పెట్టుకున్నారు. నేను స్టీరింగ్ ముందు కూర్చున్నాను. అప్పుడు నాన్న వచ్చి, పంచె ఎగ్గట్టి, పక్క సీట్లో ఎక్కి కూర్చున్నాడు. ఆయన జన్మలో లారీల వెనక సిమెంటు బస్తాల మీద తప్ప ఏ బండి ముందు సీట్లోనూ కూర్చుని ఎరగడు. వద్దు నాన్నా దిగు అన్నాను.

“కొలిచినోణ్ణి నేను గూడ గదా. నడువ్.”

ఎక్కించాను. మొదటి బండ దాటింది, రెండో గుంతలో ఎడమ చక్రం పూర్తిగా దిగింది, నాలుగు చక్రాలూ నేల మీదే ఉన్నాయి. సరిగ్గా అక్కడే ఆపమన్నాడు. బ్రేకు నొక్కాను. బండి కదల్లేదు. వెనక్కి ముందుకు వంగి చూశాడు, ఒక చేత్తో ముందున్న ఇనుప కడ్డీని పట్టుకునే రెండో చేత్తో జేబులోంచి బీడీ తీశాడు. అది ముట్టించాక నాతో అన్న మాట ఒక్కటే.

“ఇగ రేపటి సంది సైటుకు రాకు.”

ఆ వానాకాలం జీపు గూడేల దాకా వెళ్లింది, తరవాత చాలా వానాకాలాలు వెళ్లింది. ఆ ఒక్క మాట మీద నేను ముప్ఫై ఐదేళ్లు పానా పట్టి పిల్లల్ని చదివించుకున్నాను. నిందించకుండా మళ్లీ వస్తానన్న డాక్టరమ్మకూ, పేరైనా తెలియని ఆ గంపల తల్లులకూ, తన సొంత కోరికను ఆ క్వారీలో వదిలేసి వచ్చిన మా నాన్నకూ నేను ఎంత రుణపడ్డానో చెప్పడం నాకు చేతకాదు. నాన్న వెళ్లిపోయి చాలా ఏళ్లయింది, ఆ గోడ మీద జాజు గీతలు సున్నం కింద పోయాయి, తరవాత గోడే పోయింది. తూకం గుండు మాత్రం నా మందుల డబ్బా పక్కన ఉంది.

పక్క ఫ్లాటు అబ్బాయి మంచివాడు, నేను చూపించగానే బండిని తీసుకెళ్లి గొట్టాలు మార్పించుకొచ్చాడు. అన్నీ కంప్యూటర్ కొలిచిందట, కాగితం కూడా ఇచ్చారట. కొలతలు మా కాలం కంటే నిజంగానే బాగున్నాయి, అందులో నాకేమీ అసూయ లేదు. బిగించింది ఎవరని అడిగితే మాత్రం తెలియదన్నాడు, బిగించినవాడికి ఈ అబ్బాయి ఎవరో తెలియదు. ఎవరూ పక్కన కూర్చుని చూడలేదట, ఇప్పుడు అలాంటి అవసరం లేదట.

మా ఆవిడ మోకాళ్ల నొప్పుల గురించి గుర్తుచేస్తున్నా వినకుండా, నిన్న ఆ అబ్బాయి పక్క సీట్లో ఎక్కాను. వెనక కొండవైపు మట్టిదారిలో ఒక గుంత దగ్గర చక్రం దిగింది, నేను ఆపమన్నాను, బండి నిలబడింది. దిగబోతూ చూసుకుంటే నా కుడిచేయి ముందున్న పిడిని వేళ్లు తెల్లబడేలా పట్టుకుని ఉంది. క్వారీలో ఆ ఇనుప కడ్డీ మీద నాన్న చేయి కూడా సరిగ్గా ఇలాగే ఉంది. ఇన్నేళ్లూ ఆయనకు భయం తెలియదనే అనుకున్నాను. నాన్న ఆ రోజు భయపడుతూనే ఎక్కాడు.