ఒక్క ఊపిరిలో అనాల్సిన పేరు

మా జువాలజీ మేడమ్ మిగతా శాస్త్రీయనామాలను చూసి చదవనిచ్చేది గానీ, ఊపిరితిత్తుల చేప పేరును మాత్రం ఒక్క ఊపిరిలో అనమనేది. పాములా పొడుగ్గా ఉండే ఆ చేప, మడుగు ఎండితే బురదలో దూరి, గాలి పీల్చుకుంటూ వానకోసం కాచుకుంటుంది. మేం “లెపిడోసైరన్ పారడాక్సా” అని అంటుంటే ఆమె కళ్లార్పకుండా వినేది. మాకది వింత అలవాటుగా తోచేది.

పరీక్షల ముందు ఆమె సెలవు పెట్టింది. ప్రాక్టికల్ రికార్డు మీద సంతకం కోసం నేను నంద్యాలలో ఆమె ఉన్న ఆసుపత్రికి వెళ్లాను. ఆమె భర్త ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కేవాడు. ఏళ్ల తరబడి పీల్చిన రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుపోయి, ముక్కుకు ఆక్సిజన్ గొట్టంతో మంచం మీద ఉన్నాడు.

“ఇంగొక్కసారి అను. నిన్న మొత్తం అంటివి కదా,” అని మేడమ్ బతిమాలుతోంది.

ఆయన “లెపిడో” దగ్గరే ఆగి దగ్గాడు. రోజూ ఆమె ఆ పేరుతోనే ఆయన ఊపిరి కొలుస్తోందని నాకప్పుడు అర్థమైంది.

నన్ను చూసి, “నువ్వు చెప్పమ్మా, నీ యెంట అంటాడు,” అంది. ఆయనకు అందాలని నేను ముక్కలు చేసి, మెల్లగా చెప్పాను.

“ఆపొద్దు! మధ్యలో ఆపితే ఏం లాభం?” అని అరిచింది. ఆమె అరవడం నేనెన్నడూ వినలేదు.

ఆయన ఆమె చెయ్యి పట్టుకున్నాడు. “ఆ చేప వానొస్తాదని కాసుకోనుంటాది. నేను దేనికి కాసుకోవాల్నమ్మే?”

మేడమ్ నా రికార్డు అందుకుని, ఎక్కడ పెడుతోందో చూసుకోకుండా, నేను గీసిన చేప బొమ్మ మీదే సంతకం పెట్టింది.

నాలుగో రోజు ఆయన పోయాడు.