పక్కన కనిపించిన పేరు

మొదటి నుంచీ నాకు అనుమానం జాస్తి. తాళం వేసి నాలుగడుగులు పోయి, మళ్లీ వెనక్కొచ్చి లాగి చూసే రకం.

మా ఆఫీసు మగ్గాలుండే కొత్తవాడకు దగ్గర్లోనే. జంపఖానాల డిజైన్లు కంప్యూటర్లో వేసి, నేసేవాళ్లకు ప్రింటు తీసి ఇస్తాం. ఏ ఫైల్లో ఏ వరుస ఎవరు మార్చారో ఒక వ్యూయర్ పక్కనే పేరుతో సహా చూపిస్తుంది. అది పాత చరిత్ర తెచ్చే దారులు రెండు. ఒకటి, మా కంప్యూటర్లో ఉన్న నకలు చూసి టక్కున చెప్పేస్తుంది, కానీ ఫైలు ఇప్పుడున్న చోటికి వచ్చిన రోజు దగ్గరే ఆగిపోతుంది. రెండోది సర్వర్‌ను అడిగి, ఫైలు అంతకుముందు ఎక్కడుందో వెతుక్కుంటూ వెనక్కి పోతుంది. దానికి చాలాసేపు పడుతుంది. నాకంత ఓపిక ఎక్కడిది? అందరికీ మొదటిదే పెట్టించాను.

మేడారం జాతర సెలవులయ్యాక, మగ్గం నేసే ముసలాయన ఒకాయన జంపఖానా భుజాన వేసుకొచ్చి నా బల్ల మీద పరిచాడు. ఎర్రగా ఉండాల్సిన అంచు ఆకుపచ్చగా ఉంది. మీ కాగితంలో ఉన్నట్టే నేసిన బిడ్డా అన్నాడు. అన్ని రోజుల రెక్కల కష్టం! వెంటనే వ్యూయర్ తెరిచాను. రంగు రాసిన వరుస పక్కన మా ఆఫీసు అమ్మాయి పేరుంది.

ఆమె ఆరు నెలలుగా నా దగ్గర పని నేర్చుకుంటున్న అమ్మాయి. ఉద్యోగం ఖాయం చేయాలో వద్దో ఆ వారమే మా యజమాని సార్‌కు నేను చెప్పాలి. ఇక నా అనుమానానికి పట్టపగ్గాల్లేవు. ఆమె ఫోన్ పట్టుకుని బయటికి పోతే ఎవరితోనో కూడబలుక్కుంటోందనుకున్నాను. నన్ను చూసి తల దించుకుంటే, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటోంది అనుకున్నాను. ఈమెను నమ్మలేం, ఇంకొకరిని చూసుకుందామని సార్‌తో అనేశాను. రాసివ్వమన్నారు.

సాయంత్రం రాయబోతుంటే గుర్తొచ్చింది. జాతరకు పోయే ముందు, ఎవరూ తెలియక ముట్టుకోకుండా ఫైళ్లన్నీ కొత్త ఫోల్డర్‌లోకి మార్చడం మా దగ్గర అలవాటు. ఈసారి ఆ పని ఆమెకు నోటితో చెప్పింది నేనే. అంటే మొదటి దారిలో చూస్తే ఆ ఫైళ్లలో ప్రతి వరుస పక్కనా ఆమె పేరే ఉంటుంది కదా! రెండో దారి పెట్టి, తెర ముందు నుంచి లేవకుండా కూర్చున్నాను. అది వెనక్కి పోయి పోయి నా పేరు దగ్గర ఆగింది. ఏదో డిజైన్ సరిచూస్తూ రంగు మార్చి, మళ్లీ ఎరుపు పెట్టడం మర్చిపోయాను.

సిగ్గుతో చచ్చిపోయాను. ఆమెను పిలిచి చూపించబోతే తెర వైపు కూడా చూడలేదు.

"మీ పేరు నేను పొద్దుగాల్నే చూసిన అన్నా. చెప్తే నమ్మరని ఊకున్న. మీరెప్పుడు చూస్తరో అని ఎదురు చూస్తాన."

సార్ దగ్గరికి పోయి తప్పు నాదేనని ఒప్పుకున్నాను. ఆమె ఉద్యోగం ఖాయమైంది. అప్పటి నుంచి నేను నోటితో ఏ పని చెప్పినా ఆమె కుర్చీలోంచి కదలదు.

"జర మెసేజ్ పెట్టుండ్రి అన్నా, పక్కన మీ పేరుంటది" అంటుంది.

పెడుతున్నాను.